బల్ల మీద రాళ్లు

ఉదయం ఐదూ నలభైకి సత్య పెరుగు గిన్నె మీద మూత పెట్టి, పాత లుంగీ గుడ్డతో మూట కట్టి, కారు వెనక సీటు కింద ఇరికించింది. తర్వాత లేచి నిలబడి ఆ మూట వంక అనుమానంగా చూసింది.

"వదినా, ఇది ఒలికిందంటే మా ఆయన ఈ కారు అమ్మేస్తారు. వెనక సీట్లో నన్ను కూడా కూర్చోబెట్టి అమ్మేస్తారు."

సత్య మా ఆయనకి చెల్లెలు. శాన్ రామన్‌లో ఉంటుంది. నేను డెట్రాయిట్ పక్కనున్న నోవై నుంచి ముందు రోజు విమానంలో వచ్చాను. మేమిద్దరం కలిసి సియెర్రా కొండలు దాటి, వాటి తూర్పు వైపున ఉన్న ఒక క్యాంప్‌గ్రౌండ్‌కి బయల్దేరాం. ఇది 1985 ఆగస్టు మాట. అటు వెళ్లనివాళ్ల కోసం రాస్తున్నాను కాబట్టి దారి ఎలా ఉంటుందో, ఏం తిన్నామో, ఎవరు కలిశారో చెబుతాను. క్యాంపు పేరు మాత్రం రాయను. అక్కడివాళ్లకి నా వల్ల జరిగింది చాలు.

మా ఆయన కొండలు ఎక్కేవారు. దేవుడి కోసం కాదు. నిట్టనిలువు రాయి మీద నడుముకి తాడు కట్టుకుని, వేళ్లతో పట్టుకుని ఎక్కడం. డెట్రాయిట్ పక్కన కార్ల కంపెనీలో ఇంజనీరుగా చేసేవారు. డెబ్బై ఆరు నుంచి ప్రతి ఆగస్టులోనూ రెండు వారాలు సెలవు పెట్టి ఇక్కడికి వచ్చేవారు. రమ్మని నన్ను ఏటా అడిగేవారు. హాస్పిటల్ ల్యాబ్‌లో నాకు సెలవు దొరకదని చెప్పేదాన్ని. అడిగితే దొరికేది. నేల మీద పడుకోవడానికి రెండు వేల మైళ్లు పోవడం నాకు అర్థం కాలేదు, అంతే. అంతకు ముందు ఏడాది ఆగస్టులో ఆయన సంచి సర్దుకుని గరాజ్‌లో పెట్టుకున్నారు. బయల్దేరాల్సిన వారంలో, ఇంట్లోనే, గుండె ఆగి పోయారు.

మాకు పిల్లలు లేరు. సంవత్సరీకం మా మరిది రాజమండ్రిలో పెట్టాడు. ఆయన ఎనిమిదేళ్లపాటు కూర్చుని తిన్న చోట నేనూ పది మందికి పెడదామనుకున్నాను. సత్యతో అంటే, మినప్పప్పు ఎంత నానబెట్టాలి అని అడిగింది. ఇంకేమీ అడగలేదు.

ఓక్‌డేల్

రెండు గంటల ప్రయాణం తర్వాత ఓక్‌డేల్ దగ్గర రోడ్డు పక్కన పళ్ల దుకాణం కనిపిస్తే ఆగాం. బాదం తోటల మధ్య ఒక రేకుల పందిరి. పీచ్ పళ్లు గంపెడు రెండు డాలర్లు. గంపలో అడుగున ఉన్నవి మెత్తబడ్డాయేమోనని సత్య ఒక్కొక్కటీ నొక్కి చూస్తుంటే, దుకాణం ఆవిడ కాసేపు ఓర్చుకుని, "అన్నిటినీ నొక్కితే అన్నీ మెత్తబడతాయమ్మా" అంది. సత్య సిగ్గుపడలేదు. "మా అమ్మ అయితే కోసి చూపించమనేది" అంది. ఆవిడ నవ్వి, దెబ్బ తగిలిన పళ్లు ఒక సంచిలో వేసి ఊరికే ఇచ్చింది. ఇవాళే తినేయమంది. ఎక్కడికి వెళ్తున్నారని అడిగితే చెప్పాం.

"క్యాంపింగ్‌కా? ఈ చీరల్లోనా?"

"మాకు ఇవే అలవాటు" అంది సత్య. కారెక్కాక, "రెండు జతల ప్యాంట్లు తెచ్చానులే. ఆవిడకెందుకు చెప్పాలి?" అంది.

కొండ మీది దారి

సోనోరా ఊరు దాటాక దారి నెమ్మదిగా ఎక్కుతుంది. తర్వాత నెమ్మది పోతుంది. కొన్ని మలుపుల్లో ముందు రోడ్డు కనిపించదు, ఆకాశం ఒక్కటే కనిపిస్తుంది. సత్య స్టీరింగ్ మీదికి వంగి, పెదవి కొరుక్కుంటూ డ్రైవ్ చేసింది. నేను రెండు చేతులతో సీటు పట్టుకున్నాను. తొమ్మిది వేల అడుగులు దాటాక వెనక నుంచి టప్‌మని చప్పుడైంది. టైరు పేలిందనుకున్నాం.

పేలింది పెరుగు గిన్నె మూత. కింద బిగించిన గాలి పైకొచ్చేసరికి ఉబ్బి, మూతని తన్నింది. వెనక సీటు కింద అంతా పెరుగు.

కారు పక్కకి ఆపి, పాత చీర చింపి తుడిచాం. అంత ఎత్తున ఆగస్టులో కూడా రాళ్ల సందుల్లో మంచు ఉంది. సత్య కాసేపు నవ్వింది. తర్వాత రోడ్డు వారన కూలబడి, "అన్నయ్య ఉంటే ఏమనేవాడు వదినా?" అంది.

"ఏమీ అనేవారు కాదు. తుడిచేవారు."

"అవును, తుడిచేవాడు" అని లేచింది. గిన్నె అడుగున మిగిలిన కాస్త పెరుగు తోడుకి పనికొస్తుందని మళ్లీ మూట కట్టింది.

క్యాంపు

కొండ దిగి, పెద్ద రోడ్డు మీద దక్షిణంగా కొంత దూరం పోయి, మట్టి రోడ్డులోకి తిరిగాం. మా ఆయన చెప్పిన గుర్తులు ఒక్కొక్కటీ కనిపించాయి. వాగు, పైన్ చెట్లు, వాటి వెనక బూడిద రంగు రాతి గోడ. ఆయన చెప్పనివి కూడా కనిపించాయి. కొత్త గేటు. ఆకుపచ్చ రంగు వేసిన బోర్డులు. గేటు పక్కన తెల్ల ట్రైలర్, దాని ముందు కుండీల్లో ఎర్ర పూలు.

ఆయన ఇక్కడికి రావడం మొదలుపెట్టినప్పుడు డబ్బు తీసుకునేవాళ్లే లేరట. తర్వాత ప్రభుత్వం వాళ్లు ఒక ఇనప గొట్టం పాతారు. కవరులో రెండు డాలర్లు పెట్టి అందులో వేయాలి. ఒక చోటులో ఎనిమిది మందో పది మందో సర్దుకుని తలా పావలా వేసుకునేవాళ్లమని నవ్వుతూ చెప్పేవారు. పోయిన ఏడాది ఆ స్థలం నిర్వహణని ఒక ప్రైవేటు కంపెనీకి ఇచ్చారు. ఇప్పుడు రాత్రికి ఏడు డాలర్లు. చోటుకి ఆరుగురే. రెండో కారుంటే దానికి వేరే. పడి ఉన్న కట్టెలు ఏరుకోకూడదు, ట్రైలర్ దగ్గర కట్ట కొనుక్కోవాలి. వేసవి మొత్తంలో ఎవరైనా ఏడు రాత్రులకి మించి ఉండకూడదు.

ఇవన్నీ మాకు చెప్పింది డెల్ అనే ఆయన. అరవై దాటి ఉంటాయి. భార్య నోరాతో కలిసి ఆ ట్రైలర్‌లోనే ఉంటాడు. కంపెనీ తరఫున మేనేజరు. మాటకి ముందు మేడమ్, మాట చివర మేడమ్. మాకు వాగు పక్కన చోటిచ్చి, టెంటు కర్రలు పట్టుకుని నిలబెట్టి మరీ వెళ్లాడు.

నాకు నచ్చింది. ఆ సంగతి దాచి మిగతాది రాస్తే అబద్ధమవుతుంది. టాయిలెట్లు శుభ్రంగా ఉన్నాయి, కాగితం ఉంది, దారి ఊడ్చి ఉంది. మా ఆయన చెప్పిన దానికంటే చోటు బాగుపడిందనుకున్నాను. చిన్నప్పుడు మా అమ్మమ్మతో యాత్రలకి వెళ్తే సత్రాల్లో దిగేవాళ్లం. మూడు రాత్రులు ఊరికే ఉండనిచ్చేవారు. నాలుగో రోజు ఎవరూ పొమ్మనేవారు కాదు, మనమే మొహమాటపడి కదలాలి. కొన్నాళ్లకి వాటిని వేలం పాట పెట్టి కాంట్రాక్టర్లకి ఇచ్చారు. గదికి తాళం వచ్చింది, తాళంతో పాటు అద్దె వచ్చింది. అరుగు మీద పడుకునే బైరాగులు కనిపించకుండా పోయారు. మా నాన్నగారు "ఇప్పుడు శుభ్రంగా ఉంది" అన్నారు. మేమందరం ఔనన్నాం. బైరాగులు ఎటు పోయారని ఇంట్లో ఎవరూ అడిగిన గుర్తు లేదు.

చీకటి పడే ముందు ఒక అమ్మాయి పెద్ద గిన్నె పట్టుకుని మా దగ్గరికి వచ్చింది. పాతికేళ్లుంటాయి. పేరు జానెట్. చేతివేళ్ల నిండా తెల్లటి బొబ్బలు.

"మొదటి రోజు వచ్చినవాళ్లు ఇక్కడ వండుకోరు. మాతో తినండి."

చిక్కుడు గింజలు, టమాటాలు. ఉప్పు తక్కువ. వాళ్ల మంట చుట్టూ ఏడెనిమిది మంది కూర్చుని ఉన్నారు. అందరిలోకీ పెద్దాయన లేచి సత్యకి తన మడత కుర్చీ ఇచ్చాడు. ఆయన పేరు క్లైడ్. బక్కపలచని మనిషి, నెరిసిన గడ్డం. పేర్లు అడిగితే చెప్పాను. రావ్ అనగానే అందరూ నా వైపు తిరిగారు.

"మా రావ్ భార్యా మీరు?" అన్నాడు క్లైడ్. "చిక్కుడు గింజల్లో కారప్పొడి పోసేవాడు. ఏటా రెండు వారాలు మేం ఏడ్చుకుంటూ తినేవాళ్లం. ఆయనేడీ?"

చెప్పాను.

క్లైడ్ టోపీ తీసి మోకాలి మీద పెట్టుకున్నాడు. "పోయిన ఆగస్టు అంతా చూశాం. కొత్త మేనేజ్‌మెంటు నచ్చక రాలేదనుకున్నాం" అన్నాడు.

వీళ్లకి కబురు చేయాలని నాకు ఏడాదిలో ఒక్కసారి కూడా తోచలేదు. ఇండియాలో రెండేళ్లకోసారి కలిసే దూరపు చుట్టాలకి కూడా ఫోన్లు చేయించాను. సత్య నా మోచేతి మీద చెయ్యి వేసింది. ఆ చెయ్యి అవతలికి తోయాలనిపించింది.

రాళ్ల బల్ల

మర్నాడు పొద్దున క్యాంపు చివర, వాగు పక్కనున్న పాత చెక్క బల్ల దగ్గర క్లైడ్ కాఫీ కాస్తున్నాడు. కొండకి వెళ్లేవాళ్లు తాళ్లు భుజాన వేసుకుని ఒక్కొక్కరే వచ్చి, వాగులోంచి ఒక రాయి తీసి ఆ బల్ల మీద పెట్టి, ఎటు వెళ్తున్నారో ఒక ముక్క చెప్పి పోతున్నారు. తిరిగి వచ్చాక ఎవరి రాయి వాళ్లు తీసి వాగులో పడేస్తారట. చీకటి పడే వేళకి బల్ల మీద రాయి మిగిలిందంటే, క్లైడ్ లాంతరు తీసుకుని వెతకడానికి వెళ్తాడు. ఏళ్ల తరబడి అదే పద్ధతి. ఎవరు మొదలుపెట్టారో ఆయనకీ తెలియదు.

"వెళ్తానని చెప్పకూడదు, వెళ్లొస్తానని చెప్పాలని అమ్మ తిట్టేది కదా" అంది సత్య నాతో. "ఇదీ అదే."

నేను క్లైడ్‌ని అడిగాను, మా ఆయన రాయి ఏదైనా ఉందా అని.

"ఉండదు మిసెస్ రావ్. ఆయన ప్రతిసారీ తిరిగొచ్చాడు. వచ్చి వాగులో వేసేశాడు. బల్ల మీద ఎవరి రాయీ ఉండిపోకపోవడమే మాకు కావాల్సింది."

ఏదో ఒకటి చేతికిస్తాడని ఆశపడి వచ్చాను. ఆయన చెప్పిందే సరైనదని అప్పుడే అర్థమైంది.

ఆ రోజు మధ్యాహ్నం జానెట్ నాతో పాటు పీచ్ పళ్లు కోస్తూ క్లైడ్ సంగతి చెప్పింది. ఆయన ఇదివరకు గనుల్లో పనిచేసేవాడు. చలికాలం నెవాడాలో చెల్లెలి ట్రైలర్‌లో ఉంటాడు. చెల్లెలి మొగుడు అక్టోబరుకి ముందు గుమ్మం తొక్కనివ్వడు. మే నుంచి అక్టోబరు దాకా క్లైడ్‌కి ఈ క్యాంపే ఇల్లు. ఇప్పుడు ఏడు రాత్రుల రూలు వచ్చింది. అందుకని ప్రతి సాయంత్రం ఆయన చిన్న టెంటు విప్పి, వేరేవాళ్లు డబ్బు కట్టిన చోటులో, ఆయనా వాళ్లలో ఒకడన్నట్టు వేస్తారు. ఎవరి చోటులో ఇవాళ, ఎవరి చోటులో రేపు అని వాళ్లలో వాళ్లు వంతులు వేసుకున్నారు.

"డెల్‌కి తెలియదా?"

"తెలిస్తే ఆ రోజే పంపించేస్తాడు. క్లైడ్‌కి వెళ్లడానికి చోటు లేదు. మాకు ఆ బల్ల దగ్గర కూర్చునే మనిషి లేడు."

అంటే ఆ సంగతి నాకు తెలుసు. తెలియక చేశానని చెప్పుకునే వీల్లేదు.

సాయంత్రం మేమిద్దరం మా ఆయన ఎక్కిన రాయి మొదలు చూసి వద్దామని బయల్దేరాం. క్లైడ్ మా చేత రెండు రాళ్లు పెట్టించాడు. ముప్పావుగంట నడక అన్నాడు. రాతి మొదలు చేరాం, చెయ్యి ఆనించి చూశాం, చల్లగా ఉంది. తిరిగి వచ్చేటప్పుడు దారి చీలిన చోట తప్పు వైపు దిగాం. సత్య చెప్పు తెగింది. ఎండ పోగానే ఎంత చలి వేసిందంటే ఇద్దరం ఒకే శాలువా కప్పుకుని ఒక దుంగ మీద కూర్చుండిపోయాం. కాసేపటికి చెట్ల మధ్య లాంతరు వెలుగు కనిపించింది.

"మీ రాళ్లు రెండూ అక్కడే ఉన్నాయి" అన్నాడు క్లైడ్. సత్య తెగిన చెప్పు చేత్తో పట్టుకుని కుంటుతూ, "చూశావా వదినా, శాన్ రామన్‌లో నేను రాత్రికి ఇంటికి చేరకపోతే, టీవీలో ఆట అయ్యాక గానీ మా ఆయన గమనించరు" అంది.

పిలుపు

మూడో రోజు భోజనం. పొద్దున్నే సత్య ప్రెషర్ కుక్కర్ ఎక్కించింది. అంత ఎత్తులో మామూలు గిన్నెలో పప్పు ఎంతసేపు ఉడికించినా పలుకు పలుకుగానే ఉంటుందని ముందు రోజు తెలిసింది. మొదటి విజిల్‌కి క్యాంపు అంతా లేచి కొండ వైపు చూసింది. ఎవరో సాయం కోసం ఈల వేశారనుకున్నారట. మూడో విజిల్‌కి అలవాటు పడ్డారు.

నేను ప్రతి చోటుకీ వెళ్లి పిలిచాను. గేటు వైపు నడుస్తుంటే జానెట్ అడ్డం వచ్చింది.

"డెల్‌నా? వద్దు. ప్లీజ్."

"ఆయన చూసుకునే చోటులో వండుకుంటూ ఆయన్ని పిలవకుండా ఎలా?"

సత్య గరిట పట్టుకుని వచ్చింది. "వదినా, వాళ్ల సంగతి వాళ్లకి తెలుసు. కావాలంటే మనం రెండు గారెలు ప్లేట్లో పెట్టి ట్రైలర్‌కి పంపిద్దాం."

"మీ అన్నయ్య పేరున పెడుతూ ఒకరిని మాత్రం గుమ్మంలో నిలబెట్టి ఇస్తామా? పంక్తిలో కూర్చుని తిన్న మనిషి పక్కవాడికి చెరుపు చేయడు, సత్యా."

సత్య క్లైడ్ వంక చూసింది. ఆయన చాకుతో ఒక పుల్ల చెక్కుతున్నాడు. "మీ విందు, మిసెస్ రావ్. ఎవరిని పిలవాలో మీ ఇష్టం" అన్నాడు. అది మర్యాద. నేను దాన్ని ఒప్పుకోలు అనుకున్నాను.

డెల్ ట్రైలర్ మెట్ల మీద కూర్చుని బూట్లకి పాలిష్ వేస్తున్నాడు. పిలిచాను.

"చాలా థ్యాంక్స్ మేడమ్. నేను రాకపోవడమే మంచిది."

మొదటి పిలుపుకి ఎవరొస్తారు? మా వైపు ఎవరూ రారు. రెండోసారి పిలిచాను.

"నిజంగా వద్దు మేడమ్. ఇక్కడ పనుంది." ఆయన లోపలున్న నోరా వంక చూశాడు. ఆవిడ తల అడ్డంగా ఊపింది. పెద్దమనిషి మొహమాటపడుతున్నాడనుకున్నాను. ఆ మొహమాటం తీర్చడమే పిలిచేవాళ్ల పనని నాకు చిన్నప్పటి నుంచి నేర్పారు. మూడోసారి, ఇది పోయిన నా భర్త పేరున పెడుతున్న భోజనమనీ, మీరు రాకపోతే నాకు లోటుగా ఉంటుందనీ అన్నాను.

డెల్ బూటు కింద పెట్టాడు. "అలా అంటే ఎలా కాదనను, మేడమ్?"

పంక్తి

పులిహోర, ముద్దపప్పు, ఆవకాయ, వంకాయ కూర, గారెలు. పెరుగు కొంచెమే ఉంది కాబట్టి తలా ఒక చెంచా. కాగితం ప్లేట్లలో పెట్టాం. బల్లలు జరిపి, దుప్పట్లు పరిచి, అందరినీ వరసగా కూర్చోబెట్టాను. పాతికమంది దాకా ఉన్నారు. ఆవకాయ ముట్టుకోవద్దని సత్య ముందే హెచ్చరించింది. ఒక కుర్రాడు పౌరుషానికి పెద్ద ముక్క తిని, నోరు తెరుచుకుని వాగు దగ్గరికి పరిగెత్తాడు. "రావ్ తిరిగొచ్చాడ్రా!" అని అరిచారు ఎవరో. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఏడాదిలో మొదటిసారి.

పంక్తి మొదట్లో, వయసులో పెద్దవాళ్లని, క్లైడ్‌నీ డెల్‌నీ, పక్కపక్కన కూర్చోబెట్టాను. ముందు వాళ్లకే వడ్డించాను. డెల్ ప్లేటు మీంచి తల ఎత్తలేదు. క్లైడ్ గారె తుంచి పప్పులో అద్దుకుని నెమ్మదిగా తిన్నాడు. ఒకసారి ఉప్పు డబ్బా డెల్ వైపు జరిపాడు. డెల్ తీసుకున్నాడు. అది చూసి, చూశావా అన్నట్టు జానెట్ వంక చూశాను. జానెట్ నన్ను చూడలేదు. నోరా మాత్రం రెండుసార్లు పులిహోర వేయించుకుని, నిమ్మకాయా చింతపండా అని సత్యని అడిగింది.

వెళ్లేటప్పుడు డెల్ నా చెయ్యి పట్టుకుని, "ఇంత మంచి భోజనం చేసి చాలా కాలమైంది" అన్నాడు. ఆయన ముఖంలో కనిపించింది దుఃఖమని తర్వాత తెలిసింది. అప్పుడు కృతజ్ఞత అనుకున్నాను.

మర్నాడు

పొద్దున కాఫీ వేళకి డెల్ బల్ల దగ్గరికి వచ్చి, టోపీ చేత్తో పట్టుకుని, క్లైడ్‌తో మధ్యాహ్నం లోపు చోటు ఖాళీ చేయాలన్నాడు. గొంతు పెంచలేదు. క్లైడ్ తల ఊపి, ఆయనకి కాఫీ పోసి ఇచ్చాడు. డెల్ తాగలేదు.

నేను ఆయన వెనకే ట్రైలర్ దాకా నడిచాను.

"నిన్న మాతో కూర్చుని తిన్నారు" అన్నాను.

"తిన్నాను మేడమ్. రెండుసార్లు రానన్నాను."

"ఆయన పక్కన కూర్చుని తిని..."

"అదే కదా నేను చెప్పేది." ఆయన మెట్టు మీద కూర్చున్నాడు. "క్లైడ్ సంగతి జూన్ నుంచి నాకు తెలుసు. ఆ టెంటు ఏ చోటులో ఉంటే, ఆ రోజు నేను అటు వెళ్లకుండా చుట్టూ తిరిగేవాణ్ని. కంపెనీ మనిషి వచ్చి, ఎక్కువ రోజులు ఉంటున్నవాళ్లని చూశావా అంటే, చూడలేదనేవాణ్ని. నిజంగానే చూసేవాణ్ని కాదు. నిన్న పాతికమంది ఎదురుగా ఆయన పక్కన కూర్చుని తిన్నాను. ఆ వచ్చినవాళ్లలో సగం మంది వారాంతానికి వచ్చినవాళ్లు. వాళ్ల నోళ్లు ఎవరు కట్టేస్తారు? ఇక కంపెనీకి చూడలేదని ఎలా చెప్పను? ఈ ట్రైలర్ కంపెనీది మేడమ్. నోరాకీ నాకూ ఇంకో చోటు లేదు."

నేను పర్సు తీశాను. క్లైడ్‌కి ఎన్ని రాత్రులకి కావాలంటే అన్ని రాత్రులకి కడతానన్నాను.

"డబ్బుతో పని కాదు. రూలు రాత్రుల మీద" అన్నాడు. తర్వాత, పర్సు వంక చూడకుండా, "లోపల పెట్టండి మేడమ్" అన్నాడు.

నా జీవితంలో ఆ పర్సు మూసినంత సేపు పట్టిన పని ఇంకోటి లేదు. డెల్‌కి చూడకుండా ఉండే వీలు ఒకటుండేది. ఒక పక్క క్యాంపు అంతా దాచినట్టు, ఇంకో పక్క ఆయన చూడనట్టు, ఇద్దరూ మాట్లాడుకోకుండా ఒక ముసలివాడికి చోటు నిలబెట్టారు. నేను అందరినీ పంక్తిలోకి లాగి, దీపం పెట్టి చూపించాను. మా ఆయన పేరు చెప్పి చూపించాను.

నేను తిరిగి వచ్చేసరికి క్లైడ్ సామాను కట్టేశాడు. ఒక సంచి, టెంటు, లాంతరు. లాంతరు జానెట్‌కి ఇచ్చాడు.

"బల్ల నువ్వు చూస్తావా?"

"నేను ఇంకో మూడు రోజులే ఉంటాను క్లైడ్."

"మూడు రోజులు చూడు."

జానెట్ నా వైపు తిరిగి ఏదో అనబోయి, సత్య ముఖం చూసి ఊరుకుంది. అన్నా బాగుండేది.

తిరుగు దారి

క్లైడ్‌కి కారు లేదు. బస్సు ఎక్కే ఊరి దాకా మేమే తీసుకెళ్లాం. నెవాడా దాకా దింపుతామని సత్య బతిమాలింది. ఆయన వద్దన్నాడు. సత్య మళ్లీ అడగడానికి నోరు తెరిచి, నన్ను చూసి మూసుకుంది. ఆయన వెనక సీట్లో, పులిసిన పెరుగు వాసనలో, సంచి ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు.

సగం దారిలో నేను వెనక్కి తిరగకుండానే క్షమించమన్నాను.

"రావ్ కూడా అంతే" అన్నాడు క్లైడ్. "వద్దంటే వినేవాడు కాదు. చిక్కుడు గింజలు మూడుసార్లు వడ్డించేవాడు. మూడోసారి వద్దంటేనే మీ దేశంలో నిజంగా వద్దని అర్థమని చెప్పాడు." సంచి సర్దుకుంటూ అన్నాడు, "ఆ సంగతి డెల్‌కి తెలియదు పాపం."

పేపర్‌లో చుట్టిన గారెలు ఆయన చేతికిచ్చింది సత్య. నేను కారు దిగలేదు. దిగి ఆయన ముఖం చూడలేకపోయాను. బస్సు రావడానికి చాలాసేపు ఉంది, ఎండగా ఉంది, ఆయన్ని అక్కడ బెంచీ మీద వదిలేసి వచ్చాం.

కొండ దాటి దిగాం. ఓక్‌డేల్ దగ్గర పళ్ల దుకాణం కనిపించింది. ఆ రోజు మూసి ఉంది. శాన్ రామన్ దగ్గర పడుతుండగా సత్య అంది, "నేను గట్టిగా ఆపాల్సింది వదినా."

"ఆపావు. నేను మొహమాటం అనుకున్నాను."

అక్టోబరు చివర్లో జానెట్ నోవైకి ఫోన్ చేసింది. ఆమె నాకు ఫోన్ చేస్తుందని అనుకోలేదు. రావ్ గురించి ఏడాది మాకు తెలియలేదు కదా, క్లైడ్ గురించి మీకు తెలియాలని చేశాను అంది. క్లైడ్‌ని ఆగస్టులోనే చెల్లెలు ఇంట్లోకి రానిచ్చింది. అందుకు చెల్లెలూ మొగుడూ మాట్లాడుకోవడం మానేశారట. డెల్, నోరా సీజను అయ్యేదాకా ఉన్నారు. వచ్చే ఏడాది నుంచి రాత్రికి తొమ్మిది డాలర్లట.

జానెట్ క్యాంపు నుంచి వెళ్లిపోయాక కూడా కొన్నాళ్లు జనం బల్ల మీద రాళ్లు పెట్టారు. సెప్టెంబరులో ఒక సాయంత్రం రెండు రాళ్లు మిగిలిపోయాయి. ఎవరో తీయడం మరిచారని అందరూ అనుకున్నారు. తప్పిపోయిన ఇద్దరు కుర్రాళ్లు పొద్దున చలికి కొయ్యబారిపోయి, ఒకరినొకరు పట్టుకుని వాళ్లంతట వాళ్లే దిగి వచ్చారు. బతికారు. రాళ్లు పెట్టాం కదా, ఎవరో ఒకరు వస్తారని అక్కడే కూర్చున్నామన్నారట.

బల్ల అక్కడే ఉంది. కొండకి వెళ్లేవాళ్లు ఇప్పుడు దాని మీద రాళ్లు పెట్టరు.